ఇరవై నిమిషాలకే జీతం, మిగతాదంతా సేవా?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. పేరు ఉండాల్సిన చోట 'స్కూల్లో స్పీచ్ థెరపిస్టు' అని మాత్రం ఉంది. మొత్తం వేసే చోటు లేదు కాబట్టి సారాంశం చెబుతాను. ఆవిడ మాటలు కొన్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతున్నాను.

ఆమెకి ముప్ఫై ఆరేళ్లు. మాట, వినికిడి సమస్యలకు సంబంధించిన కోర్సులో డిగ్రీ, ఆ పైన పీజీ చేశారు. కొన్నాళ్లు ఆసుపత్రిలో పనిచేసి, పాప పుట్టాక ఆ వేళలు కుదరక స్కూల్లో చేరారు. తొమ్మిదేళ్లయింది. చేరిన రోజున ఆమెను ఏ వర్గంలో వెయ్యాలో తెలియక ఆఫీసువాళ్లు 'సపోర్ట్ స్టాఫ్' అని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఆమె కూడా పట్టించుకోలేదు. ఇవాళ్టికీ ఆమె జీతం ఆ రెండు మాటల మీదే నడుస్తోంది. టీచర్ల స్కేలు వర్తించదు, ఆసుపత్రిలో ఉన్న తన తోటివాళ్ల స్కేలూ వర్తించదు.

చేరినప్పుడు పాతికమంది పిల్లలు. నిరుడు రెండు క్యాంపస్‌లలో కలిపి డెబ్బైమంది అయ్యారు. ఇక నావల్ల కాదంటే మేనేజ్‌మెంట్ ఒక ఏజెన్సీ ద్వారా ఇంకొకరిని తెచ్చింది. చదువు పూర్తయి రెండేళ్లయిన కుర్రాడు, మంచివాడు. పని ఈమే నేర్పారు. ఇప్పుడు ఈమె దగ్గర నలభై ఇద్దరు పిల్లలు, అతని దగ్గర ఇరవై ఎనిమిదిమంది. ఒకరోజు మాటల్లో జీతం సంగతి వచ్చింది. "అక్కా, నీకు ఇంతేనా?" అని అతను నోరెళ్లబెట్టాడు. అతనికి వచ్చేది ఈమె జీతానికి ఒకటిన్నర రెట్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదట. మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి జీతం పెంచమని అడిగారు, అతని పేరెత్తకుండానే. "మీరు చేసేది డబ్బుతో కొలిచే పని కాదమ్మా" అన్నారు ఆవిడ, చెయ్యి పట్టుకుని మరీ. తర్వాత, బడ్జెట్ లేదన్నారు. రెండు రోజుల్లో సంగతి స్టాఫ్ రూమ్‌కి చేరింది. "మేం నలభైమంది ముందు గొంతు చించుకుంటాం. ఆవిడ ఒక్కొక్కళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై నిమిషాలు బొమ్మలాట ఆడిస్తుంది. ఆవిడకి ఇంకా కావాలట!" ఈ మాట అన్నది ఎవరో కాదు, ఏడేళ్లుగా పక్కన కూర్చుని భోంచేస్తున్న స్నేహితురాలు.

ఈలోగా ఒక ప్రైవేటు క్లినిక్ నుంచి పిలుపు వచ్చింది. జీతం ఎక్కువ. సాయంత్రాలు, శనివారాలు పనిచెయ్యాలి. భర్త "దణ్ణం పెట్టి వచ్చెయ్" అంటున్నాడు. స్కూలు కాంట్రాక్టు రెన్యూవల్‌కి నెల రోజులే ఉంది. చివరి పేజీ నిండా ఒక ఆరేళ్ల బాబు. రెండు చెవులకీ వినికిడి యంత్రాలు. రెండున్నరేళ్లుగా ఈమె దగ్గరే నేర్చుకుంటున్నాడు. 'తంచి' అనేవాడు, మొన్ననే 'సంచి' అన్నాడు. "వాణ్ణి వదిలేసి డబ్బు కోసం వెళ్తే నేనేం మనిషిని? వెళ్లకుండా ఉంటే నా అంత పిచ్చిది ఉంటుందా?" అని రాశారు. అడగడం అత్యాశా, ఏజెన్సీ కుర్రాడి జీతం సంగతి బయటపెట్టొచ్చా, సంతకం పెట్టాలా వెళ్లిపోవాలా, అని మూడు ప్రశ్నలు.

ఇక నా జవాబు.

అమ్మా, ముందు ఆ 'ఇరవై నిమిషాల' సంగతి తేల్చుకుందాం. మీ స్నేహితురాలు అన్నదీ, ప్రిన్సిపాల్ అన్నదీ వేరువేరు మాటల్లా ఉన్నా, ఇద్దరూ లెక్కపెట్టింది ఆ ఇరవై నిమిషాలనే. ఒకరు దాన్ని తేలిక పని అన్నారు, ఇంకొకరు దేవుడి పని అన్నారు. మిగతా పని ఇద్దరి కంటికీ ఆనలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. మీరు కూడా దాన్ని లెక్కలో వేసుకోవడం లేదేమో.

పొద్దున్న బెల్లు కొట్టకముందు మీరు చేసే పనిని ఏడుపేజీల ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మా ఇంట్లో ఒకరికి వినికిడి యంత్రం ఉంది కాబట్టి అందులో ఏముంటుందో నాకు కొంత తెలుసు. బాబు రాగానే యంత్రం చేతిలోకి తీసుకుని బ్యాటరీ చూస్తారు. చెవిలో పెట్టే మోల్డులో గులిమి చేరిందా, ట్యూబులో చెమ్మ పట్టిందా అని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటారు. ఒక గొట్టం తగిలించి మీ చెవితో విని, శబ్దం బొంగురు పోతోందేమో చూస్తారు. తర్వాత మీ పెదాలు వాడికి కనపడకుండా అడ్డం పెట్టుకుని ఒక్కో శబ్దం అంటారు: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వినపడితే వాడు చెయ్యెత్తాలి. డేనియల్ లింగ్ పేరుతో పిలిచే ఈ ఆరు శబ్దాల పరీక్షలో, మాటలో ఉండే బొంగురు శబ్దాల నుంచి సన్నని శబ్దాల దాకా అన్నీ వచ్చేస్తాయి. అన్నిటికీ చెయ్యెత్తి 'స్' దగ్గర మాత్రం వాడు మీ మొహంలోకి చూస్తూ ఊరుకున్నాడనుకోండి. బ్యాటరీ బలహీనపడిందా, ట్యూబు మూసుకుపోయిందా, లేక జలుబు చేసి చెవి లోపల నీరు చేరిందా? రెండు నిమిషాల్లో తేల్చేది మీరే. తేల్చకుండా క్లాసుకి పంపిస్తే వాడు సాయంత్రం దాకా సగం మాటలు వింటూ కూర్చుంటాడు. టీచరేమో వీడికి శ్రద్ధ లేదు అని డైరీలో రాస్తుంది.

ఇది ఆ ఇరవై నిమిషాల్లో లేదు. మీ టైమ్‌టేబుల్లోనూ లేదు.

ఇప్పుడు మీరిచ్చిన అంకెలతోనే చిన్న లెక్క చేద్దాం. నలభై ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికీ వారానికి రెండుసార్లు, సారికి ఇరవై నిమిషాలు. 1,680 నిమిషాలు, అంటే 28 గంటలు. మీ కాంట్రాక్టులో ఉన్నది వారానికి 35 గంటలు. మిగిలిన ఏడు గంటలు నలభై ఇద్దరికి పంచితే ఒక్కో పిల్లకి వారానికి పది నిమిషాలు. ఆ పదిలోనే యంత్రాలు చూడటం, రిపోర్టు రాయడం, క్లాస్ టీచర్‌తో మాట్లాడటం, తల్లిదండ్రుల ఫోన్లు, కొత్త పిల్లల పరీక్షలు, మీటింగులు, ఒక క్యాంపస్ నుంచి ఇంకో క్యాంపస్‌కి వెళ్లడం అన్నీ అయిపోవాలి. అవ్వవు కాబట్టే రాత్రి పదకొండింటికి రిపోర్టులు రాస్తున్నారు. జీతం తక్కువ అన్న బాధ వెనక ఈ బాధ ఒకటి దాక్కుని ఉంది, దాన్ని విడిగా చూడండి. రేపు జీతం పెంచి పిల్లల్ని నలభై ఇద్దరి నుంచి అరవైమందిని చేస్తే మీకు ఒరిగేదేమిటి?

మీ రంగంలో ఈ గొడవ కొత్తది కాదు. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2002లోనే, స్కూల్లో పనిచేసే వాళ్లకి తలలు లెక్కపెట్టి పని కేటాయించడం సరికాదు, ఆ పిల్లల వెనక ఉన్న మొత్తం పనిని కొలవాలి అని తన వైఖరిని రాతపూర్వకంగా ప్రకటించింది. వాళ్ల మాటల్లో చెప్పాలంటే కేస్‌లోడ్ కాదు, వర్క్‌లోడ్. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, మేనేజ్‌మెంట్ ముందు కూర్చున్నప్పుడు పనికొస్తాయి.

కాబట్టి అత్యాశా అన్న ప్రశ్నకి నా జవాబు: కాదు. అయితే మీరు అడిగిన తీరు నాకు నచ్చలేదు. నిద్రలేని రాత్రి మర్నాడు, చేతిలో కాగితం లేకుండా, 'పెంచండి' అని అడిగారు. ఏ ప్రిన్సిపాలైనా ఏం చేస్తుంది? చెయ్యి పట్టుకుని ఓదారుస్తుంది.

రెన్యూవల్‌కి నెల ఉంది కదా. అందులో రెండు వారాలు ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. పావుగంటకోసారి ఏం చేస్తున్నారో ఒక ముక్క రాయండి. సెషన్ అయితే సెషన్, యంత్రం చూస్తే యంత్రం, దారిలో ఉంటే దారి. ఇంట్లో చేసింది వేరే రంగు పెన్నుతో రాయండి. దాన్ని అందంగా తీర్చిదిద్దకండి, ఖాళీగా కూర్చున్న పావుగంటలుంటే అవీ రాయండి. అబద్ధం ఒక్కటి దొరికినా మిగతా నిజాలన్నీ పోతాయి. ఈ పుస్తకం వల్ల జీతం పెరుగుతుందని నేను హామీ ఇవ్వను. 'బొమ్మలాట' అన్న మాటకి మాత్రం ఇక మీరు నోటితో జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

రెండోది, ఆ కుర్రాడి జీతం. బయటపెట్టకండి. అతను మీ మీద నమ్మకంతో, మీకు అన్యాయం జరుగుతోందనే బాధతో చెప్పిన మాట అది. ఏజెన్సీ కాగితాల్లో జీతం ఎవరికీ చెప్పకూడదన్న షరతు ఉండి ఉంటే అతని మెడకి చుట్టుకుంటుంది. వాడుకోవాలంటే ముందు అతన్నే అడగండి, వద్దంటే వద్దు. నిజానికి మీకు ఆ అంకె అవసరం కూడా లేదు. ఇదే పనికి బయట వస్తున్న ఉద్యోగ ప్రకటనల్లో జీతాలు ఎంత రాస్తున్నారో నాలుగు కాగితాలు తీసిపెట్టుకుంటే చాలు. క్లినిక్ వాళ్లు మీకిస్తామన్నది ఎలాగూ ఉంది.

ఆ ఒకటిన్నర రెట్లని కూడా ఒకసారి నిదానంగా చూడండి. అతనికి సెలవుల్లో జీతం వస్తుందా? జబ్బు చేస్తే? రిటైర్‌మెంట్ కోసం ఎవరైనా ఏమైనా జమ చేస్తున్నారా? వచ్చే ఏడాది ఉంటాడో లేదో అతనికి తెలుసా? ఇవన్నీ మీకు ఉండి అతనికి లేకపోతే, ఏడాది మొత్తానికి లెక్క వేసినప్పుడు తేడా సగానికి పడిపోవచ్చు. పడిపోకపోవచ్చు కూడా. వెయ్యకుండా తెలియదు. ఇంకొక సంగతి మీరు గమనించినట్టు లేదు. ఏజెన్సీ ఊరికే మనిషిని పంపదు, మధ్యలో తన వాటా తీసుకుంటుంది. అంటే అతని చేతికొచ్చే దానికంటే స్కూలు కడుతున్నది ఎక్కువే. బడ్జెట్ లేదన్న స్కూలు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చిందనుకున్నారు? డబ్బు ఉంది. వేరే పద్దులో ఉంది. మీరు వెళ్లిపోతే మీ స్థానంలోనూ ఏజెన్సీ మనిషే వస్తాడు, ఆ ఖర్చు ఎంతో అకౌంట్స్ వాళ్లకి బాగా తెలుసు. దీన్ని బెదిరింపుగా చెప్పకండి. "నన్ను సరైన వర్గంలోకి మార్చడం మీకు దీనికంటే తక్కువలో అవుతుంది" అని చెప్పొచ్చు.

ఇక్కడ ఒక పాత కేసు చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే అది మీ వృత్తిలో మనిషిదే. ఇంగ్లండ్‌లో పామ్ ఎండర్బీ అనే సీనియర్ స్పీచ్ థెరపిస్టు 1986లో తను పనిచేసే ఆరోగ్య సంస్థ మీద కేసు వేశారు. అదే స్థాయిలో ఉన్న క్లినికల్ సైకాలజిస్టులకీ, ఫార్మసిస్టులకీ తనకంటే బాగా ఎక్కువ జీతం వస్తోంది, నా పని విలువ వాళ్ల పనికి ఎందులో తక్కువ అని ఆవిడ అడిగారు. స్పీచ్ థెరపీలో దాదాపు అందరూ ఆడవాళ్లే, ఆ రెండు వృత్తుల పై స్థాయిలో ఎక్కువమంది మగవాళ్లు. యాజమాన్యం చెప్పిన జవాబుల్లో ఒకటి రేపు మీకూ ఎదురు కాగల జవాబే: వాళ్ల జీతాలు వేరే దారిలో, వేరే చర్చల్లో నిర్ణయమయ్యాయి. 1993లో యూరోపియన్ న్యాయస్థానం ఆ కారణం ఒక్కటే చాలదంది. మనుషుల కొరత ఉండి ఎక్కువ ఇవ్వాల్సివచ్చింది అనేది కారణం కావచ్చు, కానీ తేడాలో ఎంత భాగం ఆ కొరత వల్ల వచ్చిందో తేలాలి అంది. మొత్తం తేడాని కొరత ఖాతాలో వేసేసి చేతులు దులుపుకోవడం కుదరదన్నమాట.

ఇది చెప్పింది కోర్టుకి వెళ్లమని కాదు. ఆ ఒక్క తీర్పు రావడానికే ఏడేళ్లు పట్టింది, అప్పటికీ ఆవిడ వ్యవహారం పూర్తిగా తెగలేదు. పైగా ఆ అబ్బాయికి మగవాడు కాబట్టే ఎక్కువిచ్చారని మీరూ అనలేదు, నేనూ అనను. చట్టం కూడా చోటుని బట్టి మారుతుంది. మీకు నిజంగా ఆ దారి కావాలంటే, సంతకం పెట్టకముందే కాంట్రాక్టు పట్టుకుని లేబర్ వ్యవహారాలు చూసే లాయర్‌ని కలవండి. నేను ఆ కథ చెప్పింది ఒక ప్రశ్న కోసం. 'దారి వేరు' అని ఎవరన్నా అంటే, "సరే, దారి వేరు. తేడాలో దానివల్ల వచ్చింది ఎంత?" అని మర్యాదగా అడగడం నేర్చుకోండి. అంతకంటే గట్టిగా మాట్లాడాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

అడిగేటప్పుడు ఎవరి దగ్గర ఏముందో చూసుకుని అడగండి. ప్రిన్సిపాల్ చేతిలో జీతం లేదు, ఆవిడ సంతకంతో అది పెరగదు. ఆవిడ చేతిలో ఉన్నది టైమ్‌టేబుల్. రోజూ పొద్దున్న అరగంట యంత్రాలు చూడటానికి, వారంలో ఒక పూట రిపోర్టులకి, క్యాంపస్ మారడానికి పట్టే సమయం పనిగంటల్లో కలపడానికి, ఇద్దరి మధ్య పిల్లల్ని సమంగా పంచడానికి ఆవిడ ఒప్పుకుంటే చాలు. ఇవి ఆవిడ ఇవ్వగలరు, మనసు మంచిదైతే ఇస్తారు. మేనేజ్‌మెంట్‌ని అడగాల్సింది వేరు. 'సపోర్ట్ స్టాఫ్' అన్న మాట తీసేసి మీ చదువుకీ, వృత్తి రిజిస్ట్రేషన్‌కీ తగిన వర్గంలో వెయ్యమనండి. అది ఈ ఏడాది కుదరదంటే ఇప్పుడున్న జీతం మీద ఒక ప్రత్యేక అలవెన్స్ అడగండి. అమెరికాలో కొన్నిచోట్ల, ఉన్నత సర్టిఫికెట్ ఉన్న టీచర్లకి ఇచ్చినట్టే, జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఉన్న స్పీచ్ థెరపిస్టులకి కూడా జీతం మీద అదనపు మొత్తం ఇస్తారు. కాబట్టి ఇది ఆకాశానికి నిచ్చెన వెయ్యడం కాదు. అదీ కుదరదంటే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు, ఏటా మీరు తప్పనిసరిగా చెయ్యాల్సిన శిక్షణల ఖర్చు స్కూలు భరించమనండి. మూడింటినీ ఒకేసారి బల్ల మీద పెడితే మూడోది ఇచ్చి పంపించేస్తారు. మొదటిదే పెట్టండి.

'డబ్బుతో కొలిచే పని కాదు' అన్న మాటకి మీరు కరిగిపోయారని రాశారు. ఆవిడ మనస్ఫూర్తిగానే అని ఉంటారు, నేను కాదనను. కానీ ఆ మాట మీకు ఎప్పుడు చెప్పారు? జీతం అడిగినప్పుడు. పని అప్పజెప్పేటప్పుడు మాత్రం అన్నీ కొలిచే అప్పజెప్పారు: ఇంతమంది, ఇన్ని నిమిషాలు, రిపోర్టు ఇన్నో తారీఖుకి.

ఇప్పుడు స్టాఫ్ రూమ్. జీతం కంటే ఇదే మిమ్మల్ని ఎక్కువ నొప్పించిందని ఉత్తరంలో తెలిసిపోతోంది. ఆ పేరాలో అక్షరాలు కూడా వంకరపోయాయి. మీ స్నేహితురాలి మాట తప్పు, ఆవిడ బాధ తప్పు కాదు. నలభైమందితో రోజంతా మాట్లాడటం గొంతుని నిజంగానే పాడుచేస్తుంది. టీచర్లలో గొంతు సమస్యలు ఎక్కువని మీకు నేను చెప్పాలా? అది మీ సబ్జెక్టే కదా! ఏడేళ్లలో ఆవిడ గొంతు బొంగురుపోయినప్పుడు మీరు ఒక్కసారైనా ఏమైనా చెప్పారా అని అడగాలనిపించింది. చెప్పే ఉంటారు లెండి. వినికిడి లోపం ఉన్న పిల్లవాడికి పాఠం అందాలంటే టీచరు గొంతు గదిలో రొదకంటే కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలని మీవాళ్లే అంటారు. తలుపు మూయించి, బరబరమని గీసుకునే కుర్చీ కాళ్లకి రబ్బరు తొడుగులు వేయించి రొద తగ్గిస్తే, బాబుకి పాఠం వినపడుతుంది, ఆవిడకి అరవక్కర్లేదు. ఆ పని మీరిద్దరూ కలిసి అడగొచ్చు. జీతం సంగతి ఎత్తకుండానే.

ఒక పొద్దున్న ఆ ఆరు శబ్దాల పరీక్షకి ఆవిణ్ణి పిలవండి. మీ తరఫున వాదించడానికి కాదు, ఊరికే చూడమని. వస్తే వస్తుంది. రాకపోతే ఆ స్నేహం కొన్నాళ్లు అలా చల్లగానే ఉంటుంది, దాన్ని జీతం గొడవతో కలిపి ఈ నెలలోనే బాగుచెయ్యాలని కూర్చోకండి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు 'టీచర్ల కంటే నాకు ఎక్కువ రావాలి' అన్న అర్థం వచ్చే వాక్యం ఒక్కటి కూడా వద్దు. 'నన్ను తప్పు వర్గంలో పెట్టారు' అనండి. మొదటి వాక్యం స్టాఫ్ రూమ్ మొత్తాన్నీ మీకు ఎదురు నిలబెడుతుంది. రెండో వాక్యంతో ఎవరికీ పేచీ ఉండదు, తమ వర్గం గురించి ఫిర్యాదు ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు వచ్చి మీ పక్కన చేరినా చేరతారు. 'స్పెషలిస్టు' అన్న మాట కూడా కాస్త పొదుపుగా వాడండి. కాగితం మీద బాగుంటుంది, భోజనాల దగ్గర గుచ్చుకుంటుంది.

తల్లిదండ్రుల్ని కదిలించమని ఎవరైనా సలహా ఇస్తారు, ఇవ్వకపోతే మీకే తోస్తుంది. వద్దంటాను. మీ గొడవ వాళ్ల చెవిన వేశారంటే, తమ పిల్లవాడి థెరపీ ఆగిపోతుందేమోనన్న భయం వాళ్లకి పట్టుకుంటుంది. భయపడ్డ వాళ్ల చేత పెట్టించిన సంతకాలు మీకు బలం అనిపించవచ్చు, తర్వాత వాళ్ల మొహం చూడటం మీకే కష్టమవుతుంది. వాళ్లంతట వాళ్లు స్కూలుకి రాస్తే అది వాళ్లిష్టం.

సంతకమా, వెళ్లడమా? ఆ నిర్ణయం మీదే. ఏది చేస్తే ఏమవుతుందో నాకు తోచింది చెబుతాను.

ఏమీ మారకుండా సంతకం పెడితే నెల రోజులు ఊరటగా ఉంటుంది. తర్వాత ఆ కుర్రాడు నవ్వుతూ పలకరించినప్పుడల్లా మీకు ఆ అంకె గుర్తొస్తుంది. అతను చేసిన తప్పేమీ లేదు, అయినా అతనితో మాట తగ్గుతుంది. అన్నిటికంటే ఈ దారికే నేను ఎక్కువ భయపడతాను.

షరతులతో సంతకం పెట్టొచ్చు. పూర్తి కాలానికి కాకుండా తక్కువ కాలానికి రెన్యూవల్ అడగండి, లేదా ఫలానా నెలలో వర్గం మార్పు మీద నిర్ణయం తీసుకుంటామని ఒక్క వాక్యం కాగితం మీద రాయించుకోండి. నోటిమాటకి ఒప్పుకోవద్దు. ఇప్పుడున్న ప్రిన్సిపాల్ రేపు మారిపోతే నోటిమాట ఆవిడతోనే పోతుంది. ఇందులో ఉన్న ఇబ్బంది, మళ్లీ ఆరునెలలకి ఇదే టెన్షన్.

ఇక క్లినిక్. దూరపు కొండలు నునుపు. అక్కడ ఇస్తామన్నది నెల జీతమా, సెషన్‌కింత అనా? సెషన్‌కింత అయితే, పిల్లవాడికి జ్వరమొచ్చి రాకపోయిన రోజు మీకేం వస్తుంది? రిపోర్టు రాసే గంటకి డబ్బుందా? ఇవి అడగకుండా వెళ్తే, 'ఇరవై నిమిషాల' లెక్క అక్కడ ఇంకా కరుకుగా ఎదురవ్వొచ్చు. సాయంత్రాలు, శనివారాలు అన్నారు. మీ పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్లు, స్కూలు నుంచి వచ్చేది సాయంత్రమే. మీరు ఆసుపత్రి వదిలింది దీనికోసమే కదా! పాప పెద్దదైంది, ఫరవాలేదు అనుకుంటే అది మీ ఇంటి లెక్క, అందులో "వచ్చెయ్" అన్న మీ ఆయన సాయంత్రాలు కూడా కలపండి. ఎవరు ముందు ఇంటికొస్తారో మాట్లాడుకోకుండా రాజీనామా రాయకండి. స్కూల్లో మూడు రోజులు, క్లినిక్‌లో రెండు పూటలు అనే ఏర్పాటు కూడా కొంతమంది చేసుకుంటారు. మీ కాంట్రాక్టు బయట పనికి ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి.

క్లినిక్ పిలుపుని స్కూలు దగ్గర బేరానికి వాడుకోవచ్చా? వెళ్లడానికి నిజంగా సిద్ధపడితేనే. సిద్ధపడకుండా "నాకు వేరే ఉద్యోగం వచ్చింది" అంటే, వాళ్లు "మంచిదమ్మా, ఎప్పటి నుంచి?" అన్నారనుకోండి, ఆ గదిలోంచి ఎలా బయటికొస్తారు?

చివరికి ఆ బాబు. మీరు ఉండిపోవడానికి వాడొక్కడే కారణమైతే నేను ఒప్పుకోను. రెండేళ్లలో వాడు పై క్లాసుకి, బహుశా ఇంకో స్కూలుకి వెళ్లిపోతాడు. మీరు ఇంకో బాబు కోసం ఆగుతారు. అలా ఇప్పటికే తొమ్మిదేళ్లు ఆగారు. వాడి కోసం ఏమీ చెయ్యొద్దని మాత్రం అనను. వెళ్లాలని నిర్ణయించుకుంటే రేపే వెళ్లకుండా టర్మ్ చివరిదాకా గడువు అడగండి. ఆఖరి కొన్ని వారాలు ఆ కుర్రాణ్ణి కూడా గదిలో కూర్చోబెట్టుకోండి. మొదట మీరు చేస్తుంటే అతను చూడాలి, తర్వాత అతను చేస్తుంటే మీరు కిటికీ దగ్గర కూర్చోవాలి. తల్లిదండ్రులకి ముందు చెప్పి, బాబుకి వాళ్లున్నప్పుడే చెప్పండి, వాడి క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ గీత గీసి.

ఉండినా వెళ్లినా, వాడి ఫైలు మాత్రం ఈ వారమే పూర్తి చెయ్యండి. ఏ శబ్దం ఎంత దూరం నుంచి పట్టుకుంటున్నాడు, 'స' మాట మొదట్లో వస్తోందా మధ్యలో కూడా వస్తోందా, ఏ చెవి యంత్రం తరచుగా మొరాయిస్తోంది, ఏ బొమ్మ చూపిస్తే అలక మానతాడు అన్నీ రాయండి. రాయడానికి ఎంతసేపు పట్టిందో ఆ నోట్‌బుక్‌లో కూడా ఎక్కించండి. వేరే రంగు పెన్నుతోనే అవుతుందేమో.